మబ్బులను తరిమే ఉద్యోగం

మే నెల వచ్చిందంటే మా కర్నూలు జిల్లాలో నలభై మూడు డిగ్రీలు ఎవరికైనా ఊరికే వస్తాయి. నాకు ఒక్క డిగ్రీ రావడానికి నాలుగేళ్ళు పట్టింది. అదీ కడప దాకా పోయి, హాస్టల్ సాంబారు తాగితే. చదివింది కరెంటు ఇంజనీరింగు, పొట్టిగా ట్రిపుల్ ఈ. ఊళ్ళో ఎవరైనా ఏం చదివినావని అడిగితే "ఈ... ఈ... ఈ..." అని విడమరిచి చెప్పేవాణ్ణి. "పళ్ళికిలించేది తర్వాత, ముందు చదువేందో చెప్పప్పా" అనేవాడు మా చిన్నాయన.

చదువు ముగిశాక ఆ ఇకిలింపు కూడా ఆగిపోయింది. కడప దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటులో నా కాగితాలు తీసుకున్న వాచ్‌మన్, నేను రోడ్డు దాటేలోపే వాటితో విసురుకోవడం కనిపించింది. వేడిగా ఉంది, ఆయన తప్పేమీ లేదు. కర్నూలులో ఇన్వర్టర్లు అమ్మే షాపులో అనుభవం ఉందా అన్నారు. కరెంటు లేక అవస్థ పడిన అనుభవం చాలా ఉందన్నాను. నవ్వారు గానీ పిలవలేదు. ఎక్కడికి పోయినా నన్ను ఫ్రెషర్ అనేవారు. రెండు ఎండాకాలాలు బస్టాండ్లలో వడియంలా ఎండిన తర్వాత కూడా నేను కాగితం మీద ఫ్రెషర్‌నే. ఊళ్ళో మాత్రం నా హోదా వేరు. పనీపాటా లేనివాణ్ణి కదా, గాలికి తిరిగేవాడు అన్నారు. కాస్త ప్రేమ ఉన్నవాళ్ళు గాలి పిల్లోడు అన్నారు.

అందుకే గాలిమరల కంపెనీలో ఉద్యోగం ఉందని తెలిసినప్పుడు, నా అర్హతను ఇన్నాళ్ళకు ఎవరో గుర్తించారని అనుకున్నాను.

మాది పత్తికొండకు పడమటి వైపున ఒక వాన పల్లె. వాన పల్లె అంటే వాన పడే పల్లె కాదు, వాన మీద బతికే పల్లె. కాలువ లేదు, చెరువులో నీళ్ళు లేవు, బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఊరికి ఆనుకుని ఒక గుట్ట. దాని మీద కొన్నేళ్ళ కిందట గాలిమరలు నిలబెట్టారు. ఊళ్ళో అందరూ వాటిని ఫ్యాన్లు అంటారు. పగలు తెల్లగా, మర్యాదగా కనిపిస్తాయి. ఇంట్లో కూర్చుని వింటే మాత్రం ఎవరో కనపడని మనిషి గుట్ట మీద కూర్చుని ఆగకుండా చేటతో చెరుగుతున్నట్టు ఉంటుంది.

ఇంటర్వ్యూ కర్నూలులో జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్లూ జనరేటర్లూ బట్టీ పట్టి పోయాను. టేబుల్ అవతల కూర్చున్న మేనేజరు నా మార్కుల కాగితాలు తిరగెయ్యలేదు.

"ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను.

"మీవాళ్ళవి ఎన్ని ఇళ్ళు ఉంటాయి?" చెప్పాను.

"ఊళ్ళో వాళ్ళు నీ మాట వింటారా?"

వింటారన్నాను. మా ఇంటి కుక్క కూడా వినదన్న సంగతి చెప్పలేదు.

"రేపే చేరిపో."

చదువు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఆ సంతోషంలో అది నాకు వింతగా తోచలేదు. బయట గుమాస్తా ఒక పసుపుపచ్చ హెల్మెట్ ఇచ్చాడు. లోపలి పట్టీకి ఎవరిదో తలనూనె అంటుకుని ఉంది.

"ముందున్నాయన ఏమైనాడన్నా?" అని అడిగాను.

"ఆయనదీ మీ పక్కూరే. పోయినాడు" అన్నాడు గుమాస్తా. ఎక్కడికని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

నా ఉద్యోగానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది. చేసే పని మాత్రం గుట్ట మీది మాట ఊళ్ళోకి, ఊళ్ళోని మాట గుట్ట మీదికి మొయ్యడం. పైన సూపర్‌వైజరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడేమీ కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి నాకూ పెట్టేవాడు. అమ్మ నా హెల్మెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి పటాల పక్కన పెట్టింది. టీ అంగడి దగ్గర నాకు పదోన్నతి దొరికింది. గాలి పిల్లోడు పోయి గాలి సారు అయ్యాను.

"ఏమప్పా గాలి సారూ, ఈ పొద్దు గాలి ఎట్లుండాది?"

"మా ఇంట్లో ఫ్యాను తిరగల్యా. గుట్ట మీంచి ఒకటి దించుకొచ్చి బిగియ్యప్పా."

"ఆ రెక్క మీ ఇంట్లో పడ్తాదా సిన్నాయనా? ఊరంతా ఎగిరిపోతాది" అనేవాణ్ణి నేను.

ఇలా జూన్ గడిచింది. ముంగారు వానలు, అంటే తొలకరి, రాలేదు. రోజూ మధ్యాహ్నం ఆలూరు వైపు నుంచి మబ్బులు లేచేవి, నల్లబడేవి, గుట్ట దాకా వచ్చేవి. అక్కడ చీలి, పలచబడి, ఎటో పోయేవి. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి పెట్టుకున్న ఇళ్ళలో ఎవరూ గడప లోపల కూర్చోలేకపోయారు.

మా వీధిలో అందరూ పెద్దవ్వ అని పిలిచే ఒక ముసలామె ఉంది. మొదట ఆ మాట పైకి అన్నది ఆమే.

"ఏం నాయనా, ఇంట్లో ఫ్యానేస్తే ఈగలు పోవా?"

"పోతాయవ్వా."

"గుట్ట మీద అంతంత ఫ్యాన్లేస్తే మోడాలు పోవా మడి?"

మోడాలంటే మా వైపు మబ్బులు. దీనికి నా దగ్గర జవాబు ఉంది. నాలుగేళ్ళ చదువంత పొడుగు జవాబు. ఆమె ఈగల లెక్క మాత్రం ఒక్క ముక్కలో అయిపోయింది. టీ అంగడిలో ఉన్నవాళ్ళందరూ ఆమె వైపే తలలూపారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పడమర ఎర్రగా లేచింది. దుమ్ము గోడలా వచ్చింది. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు నాకు ఫోన్ చేశాడు, కింద షెడ్డు తలుపులు వేశారో లేదో చూడమని. నేను అంగడి ముందు నిలబడి, గాలిలో వినపడక, చెవికి ఫోన్ అదిమిపెట్టుకుని "ఆపండి సార్, ఒక్క నిమిషం ఆపండి" అని అరుస్తున్నాను. గుట్ట మీద ఫ్యాన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. కాసేపటికి వాన పడింది. దున్నిన చేలు తడిసి, విత్తేందుకు పదును చిక్కేంత వాన.

మర్నాడు ఊరంతా వేరుశనగ విత్తింది. వాన తెప్పించింది నేనేనని మా ఇంటికి మూడు ఇళ్ళ నుంచి బొరుగుల ఉగ్గాని వచ్చింది.

నేను చిన్నాయనను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. గాలి మితి మీరితే ఫ్యాన్లు విరక్కుండా వాటంతట అవే ఆగుతాయి, అంత గాలి వచ్చిందంటే దాని వెనక వాన ఉంటుంది, వాన ముందొచ్చిన గాలికే ఫ్యాన్లు ఆగాయి గానీ ఫ్యాన్లు ఆగాయని వాన రాలేదు, అని. చిన్నాయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఆపనీకి వీలుండాదన్నమాట" అన్నాడు.

"ఉండాది. నా చేతిలో ల్యాదు."

"ఎవురి చేతిలో ఉండాదో ఆయప్పకు ఫోన్ చేసేది నువ్వే గదా?"

నా చదువు మొత్తంలో అంత సూటిగా నన్ను ఎవరూ ఓడించలేదు.

మొలకలు వచ్చాయి. ఆ తర్వాత వాన లేదు. ఉదయం పచ్చగా కనిపించే వేరుశనగ ఆకు మధ్యాహ్నానికి దోసిలి మూసినట్టు ముడుచుకునేది. మబ్బు లేచినప్పుడల్లా ఎవరో ఒకరు మా వాకిట్లోకి వచ్చేవారు. "ఫోన్ చెయ్యప్పా." మొదట బతిమాలినట్టు అడిగారు. తర్వాత మామూలుగా అడిగారు. సూపర్‌వైజరుకు చెప్పి చూశాను. ఒక్క పూట ఆపినా పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలన్నాడు. "నేను కరెంటు తయారు చేస్తానయ్యా, వాన కాదు" అని నవ్వి, పచ్చడి సీసా నా వైపు జరిపాడు.

ఊళ్ళో నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు టీ అంగడిలో నన్ను పేరు పెట్టి పిలిచారు. గాలి సారూ అనలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. కొళాయి దగ్గర అమ్మ బిందెను ఎవరో వరస చివరికి జరిపారు. చిన్నాయన మా ఇంటి ముందు నుంచే చేనికి పోతూ తల తిప్పడం మానేశాడు. ఒక పొద్దున తలుపు తీసేసరికి గడప మీద వేళ్ళతో సహా పీకిన వేరుశనగ మొక్కలు ఎండిపోయి పడి ఉన్నాయి. అమ్మ చీపురు తెచ్చి ఊడ్చేసింది. రెండో రోజు మళ్ళీ ఉన్నాయి. ఈసారి నా బండి సీటు మీద.

మానెయ్యమని నాన్న అనలేదు. నేనూ అనుకోలేదు. రెండేళ్ళు తిరిగితే దొరికిన ఉద్యోగం. దీన్ని వదిలితే మళ్ళీ నేను ఫ్రెషర్‌నే.

తర్వాత ఆడవాళ్ళు కప్పతల్లిని ఆడించారు. వాన రానప్పుడు మా వైపు చేసేదే. రోకలికి తడిగుడ్డలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు మోస్తుంటే మిగతావాళ్ళు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చి కప్ప మీద పొయ్యాలి. పగవాళ్ళయినా పోస్తారు. పొయ్యనంటే ఆ ఇంటికి వాన వద్దని అర్థం. అలా అన్న ఇల్లు మా ఊళ్ళో లేదు.

ఆ రోజు వాళ్ళు ఊరు తిరగడం అయిపోయినా ఆగలేదు. పాడుకుంటూ గుట్ట దారి పట్టారు. గేటు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగింది.  తల పైన రెక్కల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఏమిటిది?" అన్నాడు సూపర్‌వైజరు.

"కప్పతల్లి సార్. ఒక్క చెంబు నీళ్ళు పొయ్యండి. వెళ్ళిపోతారు."

"ఇవాళ నీళ్ళు పొయ్యమంటారు, రేపు ఫ్యాన్లు ఆపమంటారు. పొయ్యను."

"అట్లా కాదు సార్. పొయ్యకపోతే వాన వద్దన్నట్టు లెక్క."

"నాకు అలాంటి నమ్మకాలు లేవయ్యా." ఆయన కోపంగా అనలేదు. నిజంగా లేవు కాబట్టి అన్నాడు. గొంతు తగ్గించి, "ముందు వరసలో ఉన్నవాళ్ళ మొహాలు కనపడేలా ఫొటోలు తియ్యి. పేర్లు రాసివ్వు. స్టేషన్లో ఇవ్వాలి" అన్నాడు.

నేను కదల్లేదు.

"నీకు అందరూ తెలుసుగా. నిన్ను తీసుకున్నది అందుకే కదా?"

ఫోన్ తీశాను. చెయ్యి తనకు తానే తీసింది, ఉద్యోగం చేసే చెయ్యి కదా. తెర మీద పెద్దవ్వ కనపడింది. పక్కన చిన్నమ్మ. వాళ్ళ వెనక, చెంబు పట్టుకుని, మా అమ్మ. అమ్మ నా వైపు చూడటం లేదు. గేటు మీద కంపెనీ పేరు వైపు చూస్తోంది, ఆమెకు చదువు రాకపోయినా.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. గదిలోకి పోయి తాగే నీళ్ళ క్యాను లోంచి ఒక జగ్గు నింపుకొచ్చి, గేటు తీసుకుని బయటికి పోయి కప్ప మీద పోశాను. చల్లటి నీళ్ళు తగిలేసరికి అది ఒక్కసారి కాలు విదిల్చింది. అంతకన్నా ఇంకేం జరగలేదు. ఏదో జరుగుతుందని ఎందుకు అనుకున్నానో నాకే తెలియదు.

పెద్దవ్వ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నువ్వు పోస్తే ఏమొస్తాది నాయనా? నువ్వు మా ఊరోనివే. ఇంటాయన పొయ్యాల."

వాళ్ళు వెనక్కి తిరిగారు. పాట మళ్ళీ ఎత్తుకోలేదు. సూపర్‌వైజరు చెయ్యి చాచాడు. హెల్మెట్ తీసి ఇచ్చాను. ఇన్నాళ్ళు పని చేసినట్టు కాగితమైనా ఇస్తారా అని అడగబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. గుట్ట దిగుతుంటే అమ్మ నా ముందు నడుస్తోంది. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికి పోయాక బువ్వ పెట్టింది.

తెల్లారి నాన్న నా బట్టల సంచి తెచ్చి మంచం మీద పెట్టాడు.

"కర్నూలుకు పో."

"ఎందుకు నాయనా? పని ఇడిసిపెట్టినా గదా. ఇంగ నా మీద కోపమెందుకు?"

"నీ మీద కాదు. నిన్నటిదాకా అడిగేదానికి నువ్వుంటివి. ఇంగ ఎవురూ ల్యారు." సంచి జిప్పు వేసి, "నువ్వు ఈ రెండు దినాలు ఈడ ఉండొద్దు" అన్నాడు.

ఏం జరగబోతోందని అడిగితే చెప్పేవాడేమో. అడగలేదు. చెప్తే నేను ఆగిపోవాల్సి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

పత్తికొండ బస్సు ఎక్కాను. కండక్టరు తెలిసినవాడే.

"యాడికప్పా, డ్యూటీకా?"

"కర్నూలుకు. పని చూసుకునేదానికి."

"ఉండె గదా పని?"

టిక్కెట్టు తీసుకుని కిటికీ వైపు తిరిగాను. పడమర మబ్బు లేస్తోంది. ఈసారి నల్లగా, కిందికి, నేలను ఆనుకున్నట్టుగా ఉంది. గుట్ట మీద రెక్కలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. బస్సు గుట్ట మలుపు దగ్గర నెమ్మదించింది. గేటుకు పోయే మట్టిదారి మొదట్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు లేరు. రోకలి లేదు, వేపమండలు లేవు. 

అందరికన్నా ముందు మా చిన్నాయన ఉన్నాడు. బస్సు వైపు చూశాడు. నన్నూ చూశాడు. నేను కిటికీ లోంచి చెయ్యెత్తాను.

ఆయన ఎత్తలేదు. రెండు చేతులూ ఖాళీగా లేవు.