ఐదో నంబరు కుక్క నుదుట పసుపు

2013. దోహాకి పడమరగా, అల్ రయ్యాన్ ఇళ్ళు దాటాక ఇసుకలో ఒక ఫామ్. చుట్టూ రేకుల గోడ, లోపల వరసగా కెన్నెల్ గదులు. కెన్నెల్ అంటే కుక్కల హాస్టల్ అనుకోండి. చమురు ధర ఆకాశంలో ఉన్న రోజులవి, ఏ కిటికీ తీసినా క్రేన్లే కనబడేవి. కాంట్రాక్టు దొరికి ఈ దేశానికి వచ్చినవాళ్ళు ముచ్చటపడి కుక్కను కొనేవాళ్ళు. కాంట్రాక్టు అయిపోగానే దాన్ని రోడ్డు మీద వదిలేసి విమానం ఎక్కేవాళ్ళు. అలాంటివాటిని తెచ్చి, వైద్యం చేయించి, మళ్ళీ మనిషిని నమ్మేలా చెయ్యడం మా పని. ఆ నమ్మించే భాగాన్ని రీహాబిలిటేషన్ అంటారు. దానికి ఇన్‌చార్జిని నేను. జువాలజీలో ఎమ్మెస్సీ, భీమవరం నోరు, ఈ రెండూ చూసి ఉద్యోగం ఇచ్చారని మా ఆయన అంటాడు. ఎమ్మెస్సీ సంగతి ఎలా ఉన్నా, నోరు చేసిన పని ఇక్కడ చెప్పాలి.

బాగుపడిన కుక్కల కథలు నా దగ్గర బోలెడున్నాయి, అడక్కపోయినా చెబుతాను. ఇది మాత్రం చాలాకాలం దాచుకున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక ఫోన్ వచ్చింది. తీసింది మా వెటర్నరీ నర్సు లీజా. బిర్కత్ అల్ అవామిర్ వైపు, కొత్తగా కడుతున్న గోదాముల వెనక ఒక రేకుల షెడ్డులో కుక్కల్ని కోసి మాంసం అమ్ముతున్నారని ఎవరో వచ్చీరాని హిందీలో చెప్పి, పేరు అడిగేలోపు పెట్టేశారు. లీజా నంబరు మాత్రం కాల్ రిజిస్టరులో రాసుకుంది. పోలీసులతో కలిసి వెళ్ళాం. ఇద్దరు దొరికారు. ఏడు కుక్కలు ప్రాణాలతో ఉన్నాయి. మిగతావి ఎలా ఉన్నాయో రాయను.

లీజాది ఫిలిప్పీన్స్, హిందీ ఇక్కడే నేర్చుకుంది. కుక్కమాంసం అనే మాట వినబడితే చాలు, జనం ఆమె మొహం వంక చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళందరితో నేను పోట్లాడాను. "దేశాన్ని బట్టి మనిషిని తూకం వేస్తారా? సిగ్గు లేదా?" అని ఒక కంపెనీ మేనేజర్ని అతని ఆఫీసులోనే కడిగేశాను. నాకు అలాంటి బుద్ధి లేదని గట్టి నమ్మకం. ఈ నమ్మకాన్ని గుర్తుపెట్టుకోండి.

ఏడింటిలో ఐదో నంబరు ఒక గోధుమరంగు ఆడకుక్క. ఒంటి మీద గాయం లేదు. కానీ మూలకు ముడుచుకుని గోడకేసి తల పెట్టి కదలదు, మొరగదు, తినదు. దీన్ని మా భాషలో షట్‌డౌన్ అంటారు. భయం హద్దు దాటితే కుక్క పారిపోవడం, కరవడం కూడా మానేసి లోపల తలుపులన్నీ మూసేసుకుంటుంది. అలా వదిలేస్తే చచ్చిపోతుంది. చికెన్ పెట్టాను, చేప పెట్టాను, పెరుగన్నం కలిపి పెట్టాను. స్టీలు గిన్నె లోపలికి జరపగానే దాని ఒళ్ళంతా వణికేది. చివరికి సిరంజితో నోట్లో పోయాల్సి వచ్చింది.

మొదటి రోజు స్నానం చేయిస్తుంటే దాని నుదుటి మీద పసుప్పచ్చ మరక కనబడింది. వేలితో రుద్ది వాసన చూశాను. పసుపు.

"మందేమో? గాయానికి రాస్తారు కదా మీవాళ్ళు," అంది లీజా.

"గాయం ఎక్కడుంది? మా ఇళ్ళల్లో మేక తలా కాళ్ళూ కాల్చాక పసుపు రాసి కడుగుతారు. ఇది వంటకి సిద్ధం చేసిన గుర్తు. ఆ షెడ్డులో మూడోవాడు ఉన్నాడు, వాడు మా తెలుగువాడు. రాసిపెట్టుకో."

"బతికున్న కుక్కకి ముందే రాస్తారా?"

ఎంత మంచి ప్రశ్న! చదువుకున్న మనిషి ఒక ఆధారం పట్టుకుంటే దానికి అడ్డొచ్చే ప్రశ్న చెవికి ఎక్కదు.

శుక్రవారం పొద్దున గేటు దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక సంచి. రెండు బస్సులు మారి, తారురోడ్డు నుంచి ఎండలో నడిచి వచ్చాడు. గేటు దగ్గర నేను వాచ్‌మన్‌తో తెలుగు యాస హిందీ మాట్లాడటం విన్నట్టున్నాడు, మొహం వెలిగిపోయింది.

"మనోళ్ళేనా మేడం! మంచిగైంది. నాది జగిత్యాల దిక్కు, పేరు కొమురయ్య."

"మనోళ్ళూ లేదు, పరాయోళ్ళూ లేదు. ఏం కావాలి?"

"గోధుమరంగు కుక్క, నుదుట పసుపు ఉంటది. ఈడికి అచ్చిందా మేడం? బతికే ఉన్నదా?"

దొరికాడు అనుకున్నాను. విజిటర్ ఫారం ముందుకు తోసి పేరు, ఫోన్ నంబరు, కంపెనీ అన్నీ రాయించుకున్నాను. ఆ తర్వాత అడిగాను.

"ఆ పసుపు రాసింది నువ్వేనా?"

"నేనే మేడం. గని జెర నా మాట..."

"ఇంకేం మాట? కోసుకు తినడానికి నీకు కుక్కే దొరికిందా? కోడి కరువైందా ఈ దేశంలో?"

"అయ్యో, ఏమంటున్నరు మేడం! అది నా..."

"నోర్ముయ్!"

అతను సంచి పైకెత్తి ఏదో చూపించబోయాడు. "దీంట్ల అయితెనే తింటది మేడం, ఇది ఒక్కటి లోపలికి ఇయ్యుండ్రి."

బయటి వస్తువు క్వారంటీన్ గదిలోకి వెళ్ళకూడదు, కొత్తగా వచ్చిన కుక్కల్ని విడిగా ఉంచే చోటు అది. రూలు నాదే. "సంచి తీసుకుని నడువు. యల్లా!" అన్నాను. అతను సంచి పట్టుకుని తారురోడ్డు వైపు నడిచాడు. నేను లోపలికి వెళ్ళి, ఫారంలో ఉన్న కంపెనీ పేరు పట్టుకుని అతను ఉండే లేబర్ క్యాంపు బాస్‌కి ఫోన్ చేశాను. మీ మనిషి ఒకడు కుక్కల కోతలో ఉన్నాడు, పేరు కొమురయ్య, పసుపు రాశానని స్వయంగా ఒప్పుకున్నాడు అని చెప్పాను. ఒప్పుకున్నాడు అనే మాట మీద కొంచెం ఒత్తి పలికాను కూడా.

తర్వాత పన్నెండు రోజులు నేను ఐదో నంబరుతో కుస్తీ పట్టాను. అది చిక్కి ఎముకల గూడైంది. డాక్టరు ఇంకో రెండు రోజులు చూద్దాం అన్నాడు. ఆ తర్వాత నిద్రపుచ్చే ఇంజక్షనేనని మా దగ్గర అందరికీ తెలుసు.

అదే రోజు పోలీసుల కోసం కాగితాలు సర్దుతూ లీజా రెండు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒకటి కాల్ రిజిస్టరు. రెండోది కొమురయ్య రాసిన విజిటర్ ఫారం. రెండింటిలో ఒకటే ఫోన్ నంబరు.

షెడ్డు గురించి చెప్పింది అతనే. లీజా వ్యాను తాళాలు తెచ్చి ఆ కాగితాల పక్కన పెట్టింది. ఆమె ఏదైనా అనుంటే పోట్లాడైనా బతికేదాన్ని.

మధ్యాహ్నం ఇద్దరం క్యాంపుకి వెళ్ళాం. క్యాంప్ బాస్ మెస్ హాల్లో కూర్చోబెట్టాడు. నాది పొరపాటని చెబితే చేతులు తిప్పాడు. "మేడం, డ్యూటీ ఆ రోజే ఆపేశాం. వీసా క్యాన్సిల్ పేపర్ హెడ్డాఫీసు నుంచి వచ్చేసింది. ఎల్లుండి టికెట్. మాఫీ, లేదంతే, ఇంక ఏం కాదు." పై ఆఫీసు నంబరు తీసుకుని అక్కడే నిలబడి మాట్లాడాను, అరిచాను, బతిమాలాను. కాగితం కదలలేదు. దాన్ని కదిలించింది నా ఒక్క ఫోనే, వెనక్కి తిప్పడానికి మాత్రం పది చాలలేదు.

కొమురయ్య వచ్చాడు. వెనకే అతని గదివాళ్ళు.

"కొమురయ్య గారూ, తప్పు నాది," అన్నాను.

"లచ్చి తింటున్నదా మేడం?" అన్నాడు. దాని పేరు లచ్చి అని నాకు అప్పుడే తెలిసింది.

"లేదు."

"పసుపు ఎందుకు పెట్టిననో గిప్పుడన్న ఇంటరా? అది మల్లన్న బండారి. మా ఇంటి దేవుడు కొమురెల్లి మల్లన్న. కుక్కంటే దేవుని ఎంబడి తిరిగేది గదా. ఈడ గుడి లేదాయె. ఐతారం ఐతారం దాని నుదుట బండారి పెట్టి, నా కంచంల బువ్వ తీసి పెడుతుంటి. ఒకనాడు కనవడలేదు. దేవులాడుకుంట పోతే ఆ షెడ్డు దొరికింది. లోపలికి పోతే నన్ను గూడ కోస్తరు. అందుకే మీకు ఫోన్ గొట్టిన."

వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు లేచింది. "పసుపు జూసి గట్లనుకున్నరా మేడం? మా ఊళ్ళె పెండ్లి పిలగానికి గూడ పసుపు రాస్తరు. కోసుకోని తింటమా?"

హాలంతా నవ్వింది. కొమురయ్య నవ్వలేదు.

"మేడం, నౌకరి పోతే పోయింది. వీళ్ళల్ల మా ఊరోళ్ళు ముగ్గురున్నరు. దుబాయ్‌ల కుక్కను కోసిండట అని నాకంటె ముందే ఊరికి ముచ్చట పోయింది. మా ఇంటిది ఫోన్ల ఏడుస్తున్నది. మీరు నాతోటి అన్నది వీళ్ళ ముంగట అనుండ్రి. మన తెలుగుల, గట్టిగ."

నా నోరు సంగతి ముందే చెప్పాను. ఏ మేనేజర్ ముందూ, ఏ పోలీసు ముందూ తడబడని నోరు ఆ హాల్లో ఎండిపోయింది. నిలబడి చెప్పాను. కుక్కల్ని కాపాడింది ఈయన, ఈయన మీద అబద్ధం చెప్పింది నేను అని. వెనకవాళ్ళకు వినపడలేదన్నారు. మళ్ళీ చెప్పాను. ఒకతను ఫోన్లో రికార్డు చేసుకుని ఊరికి పంపాడు.

మర్నాడు కొమురయ్యని మా వ్యానులో కెన్నెల్‌కి తీసుకొచ్చాను. సంచిలోంచి అతను తీసింది ఒక పాత పచ్చ సేఫ్టీ హెల్మెట్. దాన్ని గిన్నెలా వెల్లకిలా తిప్పి, అందులో పప్పులో నానేసిన ఖుబూస్ రొట్టె ముక్కలు వేసి నేల మీద పెట్టి, "లచ్చీ" అన్నాడు. తోక కొస ముందు కదిలింది. తర్వాత అది పొట్ట మీద పాక్కుంటూ వచ్చి హెల్మెట్‌లో మూతి పెట్టింది. షెడ్డులో రక్తం పట్టింది స్టీలు గిన్నెల్లో. ఇన్నాళ్ళూ నేను ఆ గిన్నెనే దాని ముందుకు తోస్తున్నాను. భయాన్ని తిరగదోడే వస్తువుని ట్రిగ్గర్ అంటారని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది నేనే. మందు మొదటి శుక్రవారమే గేటు దాకా వచ్చింది. వెనక్కి పంపింది కూడా నేనే.

వ్యాను ఎక్కబోతూ అతను ఒక్క మాట అన్నాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

"ఆ పొద్దు గేటు కాడ మీ మాట ఇని సంబురపడ్డ మేడం. హిందీల నాకు సక్కగ చెప్పరాదు. తెలుగామె ఉన్నది, ఇగ ఇంటది అనుకున్న."

లచ్చి నాలుగు నెలలకు కోలుకుంది. ఎవరికీ దత్తత ఇవ్వలేదు, మా ఇంట్లోనే ఉంది. హెల్మెట్ కూడా ఉంది. కొమురయ్య ఇప్పుడు జగిత్యాలలో ఆటో నడుపుతున్నాడు. డబ్బు పంపబోతే వద్దన్నాడు, ఐతారం బండారి మరవకుండ్రి అన్నాడు. అందుకని ప్రతి ఆదివారం దాని నుదుట పసుపు పెడతాను.

మా ఇంటికి వచ్చినవాళ్ళు, పక్క ఫ్లాట్ ఈజిప్టు ముసలావిడ దగ్గర్నుంచి గ్యాసు సిలిండరు తెచ్చే అతని దాకా, అందరూ దాన్ని చూడగానే ముందు అడిగే మాట ఒకటే. "ఎందుకు?" అని. నేను పసుపు ఎవరు రాశారని అడిగాను, ఎందుకని అడగలేదు. ఇప్పుడు అందరికీ మొత్తం చెబుతాను, మెస్ హాల్లో లాగే, గట్టిగా.