నేను వచ్చింది

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని. ఇది చదివి నాకు మతి చెడిందని ఎవరైనా అనుకుంటే అనుకోండి, నాకొచ్చే నష్టమేమీ లేదు.

ఎనభైల మొదట్లో మేం అక్కడే పిస్కాటవే అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఉద్యోగం చేస్తూనే యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులకు వెళ్ళేదాన్ని. ఒక కోర్సులో మామూలు మనుషుల జీవితాలను వాళ్ళ మాటల్లోనే రికార్డ్ చేయమన్నారు. నేను న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని ఒక చిన్న బ్యూటీ పార్లర్‌ను ఎంచుకున్నాను. దాన్ని నడిపే నలుగురూ ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్ళు. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ళుగా బతుకుతున్నవాళ్ళు. తమను తాము వారియా అని చెప్పుకునేవారు. వాళ్ళ భాషలో వనిత అంటే మన వనితే, ప్రియ అంటే మగవాడట. ఆ రెండూ కలిపిన మాట అది.

మా తెలుగు పార్టీల్లో ఈ సంగతి తెలిసి, నీకింకెవరూ దొరకలేదా అని మూతి విరిచారు. దొరకలేదన్నాను. కోర్సు అయిపోయినా నేను వెళ్ళడం మానలేదు. పొద్దున్నే వాళ్ళు మిరపకాయలు నూరుతూ పోట్లాడుకోవడం, పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేయడం, సోమవారం పార్లర్ మూసి ఆసుపత్రికెళ్ళి, నర్సులు కూడా దగ్గరికి రాని రోగులకు జుట్టు కత్తిరించి అన్నం తినిపించడం, అన్నీ నా క్యాసెట్లలో ఉన్నాయి.

వాళ్ళలో రత్న నాకు బాగా దగ్గరైంది. తెలుగు నేర్పమని ప్రాణం తీసింది. వాళ్ళ భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట. మన దగ్గర వచ్చాడు, వచ్చింది అని వేరుగా ఉంటాయనగానే దాని మొహం వెలిగిపోయింది. అప్పటినుంచి పార్లర్ తలుపు తోస్తూనే "అక్కా, నేను వచ్చింది" అనేది. 'నేను' అన్నప్పుడు ఆడా మగా తేడా ఉండదు, 'వచ్చాను' అనాలి అని ఎంత మొత్తుకున్నా వినదే! అలా చివర 'ది' పెట్టడం వస్తువులకు కూడా ఉంటుందని బెదిరించాను.

"ఆడవాళ్ళకీ కదా? నాకు అదే కావాలి" అంది.

తర్వాత, పేరెత్తడానికే జనం భయపడే ఆ జబ్బు, ఎయిడ్స్, రత్నకూ వచ్చింది. ఆసుపత్రిలోనే పోయింది. చివరిదాకా అడిగింది ఒక్కటే. తన కెబాయాలోనే, అంటే వాళ్ళు వేసుకునే లేసు రవికలోనే, తనను పంపించాలి.

కాలిఫోర్నియా నుంచి రత్న వాళ్ళన్న దిగాడు. చర్చి పెద్ద. ఇండోనేషియాలో ఉన్నప్పుడే రత్నతో మాటలు మానేసిన మనిషి. రక్తసంబంధం కాబట్టి మాట అతనిదే చెల్లింది. జుట్టు కత్తిరింపించాడు, సూటు వేయించాడు, టై కట్టించాడు. మిగతా ముగ్గురినీ ఫ్యూనరల్ హోమ్‌లోకి అడుగుపెట్టనివ్వొద్దన్నాడు. వాళ్ళు కెబాయా పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. పొమ్మంటే పోలేదు.

చీర కట్టుకున్న నన్ను ఎవరూ ఆపలేదు. బ్యాగులో రికార్డర్ ఆన్ చేసే ఉంచాను. అందుకు నాకేం సిగ్గు లేదు.

పట్టపగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. అన్న లేచి శవపెట్టె పక్కన నిలబడ్డాడు. ఇంగ్లీషులో మా తమ్ముడు అని మొదలుపెట్టి ఆగాడు. మళ్ళీ నోరు తెరిచి, "అక్కా, నేను వచ్చింది" అన్నాడు.

గొంతు అతనిదే. మాట తెలుగు. ఆ తప్పు రత్నది.

అతను నోటికి చేయి అడ్డం పెట్టుకుని నేరుగా నావైపే చూశాడు. అంతకుముందు మేం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. తను ఏమన్నాడని నన్నే అడిగాడు.

"మీ చెల్లెలు వచ్చానంటోంది" అన్నాను.

అతను కుర్చీలో కూలబడ్డాడు. నేనే వెళ్ళి తలుపు తీశాను. ముగ్గురూ లోపలికొచ్చి టై విప్పారు, కెబాయా తొడిగారు, సవరం పెట్టి కొప్పు చుట్టారు. అతను తలెత్తలేదు. ఒక పిన్ను కిందపడితే మాత్రం వంగి తీసి ఇచ్చాడు. రత్నను రత్నగానే పాతిపెట్టాం.

రత్న తెలుగు నేర్చుకుంది నా దగ్గరే. అన్నతో ఫోన్లో కూడా మాట్లాడలేదు. వాళ్ళ భాషలో అలాంటి మాటలేమైనా ఉన్నాయేమోనని ముగ్గురినీ అడిగాను, లేవన్నారు. టేపు తప్పు చెప్పదు కదా, ఎన్నిసార్లు విన్నా అదే మాట. ఎలా జరిగిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మొన్న ఆ క్యాసెట్లన్నీ విని కాగితం మీద పెట్టాను. మా ఆయనకు భాషలో తప్పు కనిపిస్తే చేయి ఊరుకోదు. రత్న మాట ఉన్నచోటా, వాళ్ళన్న నోట అదే మాట వచ్చినచోటా పెన్సిల్‌తో 'వచ్చాను' అని దిద్దారు. నేను రబ్బరు తెచ్చి ఆయన ఎదురుగానే రెండూ చెరిపేశాను.