పిన్ని గొంతున్న డీవీడీ

ఏలూరులో మా ఇంట్లో నేను కొత్త కంప్యూటరు బిగించుకున్న వారమే, పిన్నీ బాబాయీ కొల్లేటి దగ్గర వాళ్ల ఊరి నుంచి ఒక డీవీడీ పట్టుకుని వచ్చారు. సామానంతా తాడేపల్లిగూడెంలో కొన్నాను. ఈ రోజుల్లో డీవీడీ డ్రైవు ఎవరు వాడుతున్నారని కొట్టాయన అడిగితే, మా పిన్ని కోసమని చెప్పాను.

పిన్ని పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ ఊరి చర్చిలో పాటలు పాడేది. గొంతులో గడ్డకి ఆపరేషనయ్యాక మాట గుసగుసగా మిగిలింది, పాట పోయింది. ఒక క్రిస్మసుకి ఆమె పాడుతుంటే ఎవరో వీడియో తీసి డిస్కు చేసిచ్చారట. అది బీరువాలోనే ఉండిపోయింది. పాడగలిగినన్నాళ్లూ దాన్ని చూసుకోవాలన్న ధ్యాసే ఆమెకు లేదు.

"కాఫీలవీ తర్వాత చూసుకుందాం గాని, ముందు ఇది పెట్టవయ్యా. మీ పిన్ని పొద్దున్నుంచీ నన్ను నిలవనివ్వట్లేదు. సాయంత్రం చెరువులో చేపలకి మేత కూడా వెయ్యాలి" అన్నాడు బాబాయి.

పిన్ని కుర్చీ అంచున కూర్చుని తెరవైపే చూస్తోంది.

డిస్కు లోపలికి వెళ్లింది గాని కంప్యూటరుకి ఆ సంగతే తెలిసినట్టు లేదు. ఆపేసి, పక్క రేకు విప్పి చూస్తే, డ్రైవు నుంచి వచ్చే కేబులు సరిగ్గా కూర్చోలేదు. గట్టిగా నొక్కి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి డిస్కు కనిపించింది, కానీ తెరుచుకోలేదు. డీవీడీ ఆడించే ప్లేయరు విడిగా వేసుకోవాలట. అది డౌన్‌లోడవుతుంటే నేను లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాను. బాబాయి గడియారం చూసుకున్నాడు. పిన్ని మాత్రం కదల్లేదు.

బొమ్మ వచ్చింది. రంగు కాగితాల తోరణాలు, తెల్లచీరలో పిన్ని, చేతిలో మైకు. ఆమె నోరు తెరిచింది. శబ్దం లేదు.

స్పీకర్ల వాల్యూమ్ పూర్తిగా పెంచాను. తీగలు పీకి మళ్లీ పెట్టాను. తెరమీద పిన్ని తలెత్తి, కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ వీడియో అబ్బాయి అసలు సౌండు ఎక్కించాడో లేదో" అన్నాడు బాబాయి, నాతో కాదు, నేలతో అన్నట్టుగా.

పిన్ని నావైపు వంగి, "అందులో లేదా?" అంది.

"ఉంటుందండీ పిన్నీ, ఉండండి" అన్నాను గాని, నమ్మి అనలేదు. ఏం చెయ్యాలో తోచక డిస్కు ఆపి, నెట్‌లో ఏదో సినిమా పాట పెట్టాను. అదీ వినిపించలేదు! అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. తప్పు డిస్కుది కాదు.

ఆ ఉదయమే మానిటరుకి కొత్త కేబులు మార్చాను. శబ్దం కూడా దాంట్లోంచి మానిటరుకే పోతోంది, దానికేమో స్పీకర్లు లేవు. సెట్టింగులలో శబ్దాన్ని స్పీకర్లకి మళ్లించి, డిస్కు మళ్లీ పెట్టాను.

గది నిండా పిన్ని గొంతు. వాల్యూమ్ తగ్గించడం మరిచిపోయాను, కిటికీ అద్దాలు అదిరాయి. తగ్గించబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. బాబాయి లేచి వరండాలోకి వెళ్లి, మాకు వీపు చేసి నిలబడ్డాడు.

పాట అయిపోయాక, "రెండో చరణంలో తొందరపడ్డాను" అంది పిన్ని గుసగుసగా. "మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాను. ఆమె పెదవులు పాటతోపాటు కదులుతున్నాయి. బయట నుంచి బాబాయి చేపల మేత సంగతి ఎత్తలేదు. ఎక్కడ ఆగిపోతుందోనని నేను మాత్రం మౌసు మీంచి చెయ్యి తియ్యలేకపోయాను.