మూడో ఫ్రీజరు

మా మరదలు ఒకసారి ఒక దేశానికి దేశాన్నే గుమ్మం బయట నలభై నిమిషాలు నిలబెట్టింది. ఆ దేశం చెప్పులు చేత్తో పట్టుకుని, తల వంచుకుని, ఎప్పుడు లోపలికి రమ్మంటారా అని ఎదురుచూసింది.

సరే, దేశం మొత్తం కాదు. ఆ దేశం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. నలభై నిమిషాలూ కాదు, పదిహేను ఉంటాయి. చెప్పులు చేత్తో పట్టుకోలేదు, ల్యాబువాళ్ళిచ్చిన రబ్బరు చెప్పులు కాళ్ళకి పట్టక అవస్థ పడింది. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధం ఆడినప్పుడల్లా సిస్టర్లు నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. దాంతో మోకాళ్ళు గట్టిపడ్డాయి, అంతకుమించి మార్పేమీ రాలేదు. కానీ గుమ్మం బయట నిలబెట్టిన మాట మాత్రం నిజం. లోపలికి వెళ్ళేవాళ్ళు పుస్తకంలో పేరు, టైము, ఎందుకొచ్చారో రాసి సంతకం పెట్టాలి. డాక్టరమ్మ 'ఎందుకు' అన్న గడి ఖాళీగా వదిలేసింది. ఆ గడి నిండేదాకా మా మరదలు తలుపు తియ్యలేదు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. జ్వరాల ఆసుపత్రి వెనకాల ఉన్న పరిశోధనశాలలో శాంపిళ్ళ గది ఆవిడ చేతిలో ఉండేది. గదిలో నిలువు బీరువాల్లాంటి నాలుగు ఫ్రీజర్లు. లోపల చలి సున్నాకి కింద ఎనభై డిగ్రీలు. అందులో చిటికెన వేలంత ట్యూబుల్లో రోగుల రక్తం. ట్యూబు మీద పేరుండదు, నంబరుంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా డైరెక్టరు గదిలో తాళం కింద ఉంటుంది. ఆ రక్తంలో కొన్నింట్లో జ్వరం తెచ్చిన వైరస్ ఇంకా నిద్రపోతూనే ఉంటుందట. అది చెడ్డవాళ్ళ చేతుల్లో పడకూడదు, మంచివాళ్ళ చేతుల్లోంచి జారిపోకూడదు. అందుకని ఫ్రీజరు తలుపు ఒక్కరే తియ్యడం నిషేధం. ఇద్దరుండాలి. ఒకరు నంబరు పైకి చదవాలి, రెండోవాళ్ళు అదే నంబరు తిరిగి చెప్పాలి, అప్పుడు పుస్తకంలో రాయాలి.

ఆ రెండో మనిషి ల్యాబు అటెండరు. తొమ్మిదింటికి రమ్మంటే తొమ్మిది కొట్టేటప్పుడే గడపలో కాలు పెట్టేవాడు కనుక అందరూ గడియారం అనేవారు. ఇప్పుడు రిటైరై నాతో చదరంగం ఆడుతున్నాడు. ఈ కథలో సగం అతను చెప్పిందే. రెండో సగం గురించి అడక్కండి.

రోజూ పొద్దున నాలుగు ఫ్రీజర్ల చలీ చదివి పుస్తకంలో వెయ్యడం మా మరదలి మొదటి పని. నాలుగింటి మీదా ఒకటే అంకె. "కానీ మూడోది చదవడానికి ఎక్కువసేపు పట్టేదండీ," అన్నాడు గడియారం. "తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. నేను వెనక్కి తిరిగి చేతి తొడుగులు లెక్కపెట్టుకునేవాణ్ణి. అవి రోజూ అన్నే ఉంటాయి, ఏం చేస్తాం."

ఆ మూడో ఫ్రీజర్లో మా తోడల్లుడి రక్తం ఉంది.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. డిపో నుంచి రైల్వే స్టేషను, స్టేషను నుంచి డిపో. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఒక్క రాత్రి కూడా ఇల్లు వదిలి పడుకోలేదు. బంధువుల పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఆఖరి బస్సు పట్టుకుని ఇంటికొచ్చేసేవాడు. ఊళ్ళో ఒక కొత్త జ్వరం వచ్చిన మొదటి వారంలోనే పడ్డాడు. అప్పటికి మా మరదలు ల్యాబులో చిన్న ఉద్యోగంలో ఉంది. మనుషులు చాలక, వార్డులో రోగుల దగ్గర సమ్మతి పత్రాలు రాయించే పని కూడా ఆవిడ మీదే పడింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని సొంత మొగుడి మంచం దగ్గర నిలబడింది.

"రెండో పేజీలో గళ్ళున్నాయి. చదువుతాను, వినండి," అంది.

"వద్దంటే మానేస్తావా?"

"'నా రక్తాన్ని ఈ పరిశోధనకే కాక వేరే పరిశోధనలకీ, వేరే దేశాలకీ పంపవచ్చు.' పంపవచ్చా, వద్దా?"

"వేరే దేశాలే. స్టేషను దాటి నేనే వెళ్ళలేదు."

"వేళాకోళం ఆపండి. ఏ గడిలో టిక్కు పెట్టను?"

"వద్దు అన్నదాంట్లో పెట్టు. బయట పడుకోవడం నాకు అలవాటు లేదు. నా రక్తానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది ఆ అలవాటు?"

ఐదో రోజున పోయాడు. అంటుజ్వరం కనక కడసారి చూపు కూడా అద్దం అవతలి నుంచే. ఆయన బట్టలు, దుప్పటి, చేతి రుమాలు, అన్నీ పట్టుకెళ్ళి కాల్చేశారు. అలా చెయ్యాలని నిబంధన. మిగిలింది ఆ ట్యూబు. ఆ రోజు దాని మీద నంబరు అంటించింది మా మరదలే కాబట్టి ఆ నంబరు ఆవిడకి తెలుసు. తెలియకూడనిది తెలుసుకోవడం, ఆ ఉద్యోగంలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే. దాన్ని ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్ళు రోజూ చలి చదివింది.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. వాళ్ళ దేశంలో కొత్తగా ఒక జ్వరం మొదలైంది. అది మన పాత జ్వరానికి చుట్టమేమో చూడాలి. అందుకు ఆనాటి ట్యూబులు కావాలి, రెండు వందల పన్నెండూ. మూడో ఫ్రీజరు ముసలిదైపోయి అప్పటికే మూలుగుతోంది. దాని మరమ్మతుకి సామాను దొరకదు. పాత పరిశోధన గడువూ తీరింది. వెళ్ళేవి అక్కడికి వెళ్ళాలి, వెళ్ళనివి నాశనం చెయ్యాలి. ఇంకో దారి లేదు.

డాక్టరమ్మ భాష మా మరదలికి రాదు, మా మరదలి భాష డాక్టరమ్మకి రాదు. మధ్యలో డైరెక్టరు.

మా మరదలు అంది: "ఎవరెవరు ఏ షరతు మీద రక్తం ఇచ్చారో ముందు చూడాలి సార్. అక్కడ వాటిని ఎవరు ముట్టుకుంటారో రాసివ్వాలి. మాకు చెప్పకుండా ఇంకో ల్యాబుకి ఇవ్వకూడదు. పనయ్యాక మిగిలింది ఏం చేస్తారో కూడా రాసివ్వాలి."

డైరెక్టరు డాక్టరమ్మ వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు.

"ఏమన్నారు సార్?"

"మనకి ఇష్టమేనన్నానమ్మా."

"నేను అంతసేపు చెప్పింది అంతేనా?"

డాక్టరమ్మకీ అదే అనుమానం వచ్చినట్టుంది, ఏదో అడిగింది. డైరెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ఐదు నిమిషాలు మాట్లాడాడు. డాక్టరమ్మ కాగితం తీసి ఒక్కొక్కటే రాసుకుంది. పెద్ద చదువు చదివిన మనిషి, దొడ్డ మనిషి కూడా.

మూడు రోజులు మా మరదలు బీరువాలోని పాత పత్రాలు బయటికి తీసి రెండో పేజీలు తిరగేసింది. ముప్పై ఒక్కమంది వద్దన్నారు. ఆ కట్ట వేరే పెట్టి డైరెక్టరు బల్ల మీద ఉంచింది.

"పదహారేళ్ళ కిందటి కాగితాలు ఎవరు చూస్తారమ్మా?"

"నేను చూశాను కదా సార్."

ఈ సంగతి డాక్టరమ్మకి చెబితే ఏం గొడవవుతుందోనని డైరెక్టరు భయపడ్డాడు. చెప్పాక డాక్టరమ్మ ఆ కట్ట మీద చెయ్యి పెట్టి, వద్దన్నవాళ్ళవి నేను తీసుకెళ్ళను, వీలైతే మళ్ళీ అడగండి, పోయినవాళ్ళుంటే ఇంటివాళ్ళని అడగండి, కాదంటే వదిలెయ్యండి అంది. అలా అడగడానికి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఆసుపత్రి నైతిక సంఘం కూడా ఒప్పుకుంది.

మా మరదలు ఇల్లిల్లూ తిరిగింది. కొందరు గుర్తుపట్టి కూర్చోబెట్టారు. కొందరు తలుపు సగమే తీశారు. ఒక ముసలావిడ పత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఆయన వద్దన్నాడా? నేను పంపమంటున్నాను. బతికుండగానే ఆయన మాట వినలేదు, ఇప్పుడు కొత్తగా వింటానా తల్లీ, ఎక్కడ పెట్టాలి వేలిముద్ర?" అంది. తిరిగి తిరిగి వచ్చేసరికి ముప్పైమంది సంగతి తేలింది. చాలామంది ఒప్పుకున్నారు.

డైరెక్టరు పిలిచాడు. "ఒకటి మిగిలిందమ్మా. జాబితా చూశాను. ఇది మీదే. మొదటి వారం ట్యూబు. వాళ్ళకి ముఖ్యంగా కావలసినవి అవే. వాళ్ళ ఫ్రీజర్లు కరెంటు పోయినా రోజుల తరబడి చల్లగా ఉంటాయి. ఇంకో యాభై ఏళ్ళు భద్రంగా ఉంటుంది. మీ సంతకం ఒక్కటే కావాలి."

ఆ కాగితం మా ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు రోజులు అక్కడే ఉంది. పొద్దున వచ్చి చూసి వెళ్ళేది, సాయంత్రం వచ్చి చూసి వెళ్ళేది.

"పెట్టెయ్యవే," అంది మా ఆవిడ. "ఎక్కడో ఒకచోట ఉంటాడు."

"ఉంటే బాగుంటుందక్కా," అంది. కలం తీసుకుంది, మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

నేను చూడలేకపోయాను. "ఇదిగో, నీకు చెప్పని సంగతొకటుంది," అన్నాను. "వాడు నాతో ఒకసారి అన్నాడు. ఎప్పటికైనా విమానం ఎక్కి ఏదో ఒక దేశం చూడాలని ఉంది అన్నయ్యా అని."

ఆవిడ గబుక్కున తలెత్తింది. ఆ ముఖం అంత చిన్నపిల్ల ముఖంలా అవడం పదహారేళ్ళలో నేను చూడలేదు. "ఎప్పుడన్నారు?"

"పోయే ముందు ఏడాది."

"ఎక్కడ?"

"బస్సులో. స్టేషనుకి వెళ్తుంటే."

"బస్సు నడిపేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడరు బావా. నేనెక్కినా మాట్లాడేవారు కాదు." తర్వాత కలం బల్ల మీద పెట్టేసింది. "ఇన్నేళ్ళుగా అబద్ధాలు చెబుతున్నారు కదా. ఈ ఒక్కటీ కాస్త నమ్మేట్టు చెప్పలేకపోయారా?"

నా జీవితంలో నేను సిగ్గుపడ్డ అబద్ధం అదే.

ట్యూబుల పెట్టె డాక్టరమ్మ దేశానికి వెళ్ళిన మర్నాడు, పదింటికి, సంతకాలు పడక మిగిలినవి తియ్యడానికి ఇద్దరూ మూడో ఫ్రీజరు ముందు నిలబడ్డారు. గడియారం గొంతు సవరించుకుని అన్నాడట: "రెండో ఫ్రీజర్లో కింది అరలో ఒక మూల చోటుందమ్మా. నేను చేతి తొడుగులు లెక్కపెట్టుకుంటాను."

"పుస్తకంలో లేని ట్యూబు రేపు ఎవరి చేతిలో పగులుతుందో మనకి తెలియదన్నా," అంది. "మీరు ఇటు తిరగండి."

ఒక్కొక్కటే తీసి చదివింది. అతను తిరిగి చెప్పాడు. ఆఖరిది వచ్చింది. పదహారేళ్ళు మనసులో దాచుకున్న ఆ నంబరు అప్పటిదాకా ఒక్కసారీ పైకి అనలేదు. ఇప్పుడు చదివింది. గడియారం తిరిగి చెప్పలేదు.

"వినపడలేదమ్మా, ఇంకోసారి చదవండి."

అతని చెవులకి ఏమీ లేదు. చదరంగంలో నేను గొణిగే మాటలన్నీ వినపడతాయి. ఆవిడ ఇంకోసారి చదివింది, నెమ్మదిగా, ఒక్కొక్క అంకె విడివిడిగా. అప్పుడు అతను అంతే నెమ్మదిగా తిరిగి చెప్పాడు. ఆ నంబరేమిటో నాకు ఈనాటికీ చెప్పలేదు.

ఆవిరి పెట్టి క్రిముల్ని చంపే పెద్ద యంత్రంలో వాటిని పెట్టి తలుపు బిగించారు. నలభై నిమిషాలు. ఎవరూ దగ్గర ఉండక్కర్లేదు. ఆవిడ స్టూలు తెచ్చుకుని ఆ నలభై నిమిషాలూ పక్కనే కూర్చుంది. తర్వాత పుస్తకంలో నాశనం చేసిన టైము రాసింది, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం మా ఇంటికి రాలేదు.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయిపోయాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అంది:

"మీకు వేరే పని లేదు బావా. ఆయన రక్తం ఎవరూ తియ్యలేదు. ఆ ఫ్రీజరు ఖాళీ చేసిన రోజు నేను సెలవులో ఉన్నాను. ఏ నంబరు ఎవరిదో అక్కడ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు."