పెళ్లి పడవకు చెప్పుల దండ

మా అపార్టుమెంటులో కొత్త కారు కొన్న ప్రతివాడూ దాని తలుపులకు అతికించి వచ్చిన నీలిరంగు స్పాంజి ముక్కల్ని పీకకుండా ఉంచుకుంటాడు. దారిలో గీతలు పడకుండా కంపెనీవాళ్లు అతికించినవి అవి. వీళ్లు వాటిని పెళ్లినాటి బాసికంలా భావించి, ఎండకు పొడిపొడిగా రాలిపోయేదాకా కాపాడుకుంటారు. పక్క కారు తలుపు తగిలే చోటు వేరు, స్పాంజి ఉన్న చోటు వేరు. ఈ సంగతి ఒకరిద్దరికి చెప్పి చూశాను. "అందంగా ఉంటుంది కదండీ" అన్నారు. అందం గురించి నాకు తెలిసింది తక్కువే. ఆ తక్కువా నా చిన్నప్పుడు గోదావరి రేవులో మా పెదనాన్న పుణ్యాన తెలిసింది.

మాది భద్రాచలానికి ఎగువన, ఒడ్డు మీది ఊరు. మా నాయనమ్మకు ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. తాతయ్య పోయాక ఆమెకు మిగిలినవి ఆ పడవా, ఏటి మధ్య లంకలో మిరపచేనూ. చేను ఎంత పండినా పడవ లేకపోతే కాయ ఒడ్డెక్కదు, మా పొయ్యి వెలగదు. ఆ వేసవిలో పడవ కుడిపక్క చెక్క ఒకటి పుచ్చిపోతే, లంక మీద ఆశలన్నీ తాకట్టు పెట్టినంత దిగులుపడి, కొత్త టేకు పలక వేయించింది. మమ్మల్ని కొట్టడానికి ఆమెకు మామూలుగానే పెద్ద కారణాలు అవసరం లేదు. ఆ పలక మీద చెయ్యి వేస్తే చిన్న కారణం కూడా అడిగేది కాదు.

రేవు మెట్లు రాతివి, అంచులు పదును. పడవ వాటికి కొట్టుకోకుండా పక్కల నుంచి పాత జీపు టైర్లు తాళ్లతో వేలాడుతుండేవి. ఊరంతా వాటిని టైర్లే అనేది. నాయనమ్మ మాత్రం దిండ్లు అనేది.

అప్పుడు మా చిన్నత్త పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది ఎదురుగా అవతలి ఒడ్డు, పెళ్లి వాళ్లింట్లోనే. వంతెన మీదుగా బండ్లు కట్టుకుని పోతే ముహూర్తం మన కోసం ఆగదు. కాబట్టి పెళ్లికూతురు పడవలో పోవాలన్నారు. కల్లూరులో దుకాణం పెట్టుకున్న మా పెదనాన్న ముందుగానే దిగాడు. పనులు ఎలా జరగాలో చెప్పేందుకు ఒక మనిషి ఉండాలని ఆయన నమ్మకం. రేవులోకి వచ్చి పడవను చూడగానే ఆయన పరువుకు దెబ్బ తగిలింది.

"పెండ్లిపిల్ల ఎక్కే పడవకు గీ చెప్పుల దండ ఏందమ్మా? అవతలోళ్లు చూస్తే ఏమనుకుంటరు?"

"పడవ పగల్లేదనుకుంటరు," అంది నాయనమ్మ.

టైర్లు తీసెయ్యడానికి ఆమె ఒప్పుకోలేదు. అందుకని ఆయన వాటిని బాగుచేశాడు. కొబ్బరినూనె పూసి నిగనిగలాడించాడు. చుట్టూ బంతిపూలు చుట్టించాడు. తాళ్లు పొట్టిగా పట్టి, అన్నింటినీ పడవ పైఅంచు దాకా లేపి, ఆ అంచు చెక్కకే బిగించి కట్టాడు. తర్వాత ఒడ్డున నిలబడి, ఒక కన్ను మూసి వరుస సరిచూసుకున్నాడు. పళ్లడాక్టరు చూసినా మెచ్చుకునే వరుస.

బయలుదేరే పొద్దున నాయనమ్మ వచ్చి చూసింది. అరవలేదు. అది మాకు మంచి సూచనగా అనిపించలేదు. అవతలి ఒడ్డున పెళ్లికూతురికి దిష్టి తీసి పగలగొట్టడానికి తెచ్చిన గుమ్మడికాయను అడిగి తీసుకుంది. చిన్నకాయే, టైరు మందం కూడా లేదు. దాన్ని ఉట్టిలో పెట్టి, కొత్త పలక బయట, మెట్టు అంచుకు సరిగ్గా ఎదురుగా వేలాడగట్టింది.

"పోయి ఒక చుట్టు తిప్పుకొని రా. నీ దిండ్లు గీ కాయను కాపాడితే నీ చెల్లెల్ని ఎక్కిస్త. లేకుంటే నేను చెప్పినట్టు కడ్తవు."

"కాయకేం గాదు తియ్యమ్మా," అన్నాడు పెదనాన్న, పట్టుపంచె ఎగగట్టుకుంటూ.

గాలి బాగానే ఉంది. తెరచాప నిండింది. పడవ హుందాగా ఒక చుట్టు తిరిగి, పక్కవాటుగా రేవుకు వచ్చింది. నిగనిగలాడే టైర్లు మెట్టు అంచును పైనుంచే దాటి, ముందే వచ్చిన చుట్టాల్లా మెట్టు మీద ఎక్కి కూర్చున్నాయి. కింద రాయీ గుమ్మడికాయా కలుసుకున్నాయి. కాయ గుజ్జు పెదనాన్న పంచె మీదికి కూడా కొంత వచ్చింది. పడవ వెనక్కి జరగగానే మెట్టుకు తగులుకున్న టైరు, పడవ అంచు చెక్కను మేకులతో సహా పెరికింది. కొత్త పలకకు మాత్రం ఏమీ కాలేదు. ఆ పూట దానికి దిండుగా పనికొచ్చింది గుమ్మడికాయ ఒక్కటే. బంతిపూలు విడిపోయి నీళ్ల వెంట భద్రాచలం వైపు సాగిపోయాయి. వాటికైనా పుణ్యం దక్కింది.

"రాయి తగిలేది గీడ. నువ్వు కట్టింది గాడ," అంది నాయనమ్మ. "దండ కావాల్నంటే నీ మెడల ఏసుకో."

తర్వాత ఆయన చేతనే కట్టించింది. తాడు పైఅంచుకు కాకుండా లోపలి అడ్డదూలానికి వేయించింది. పడవ కడుపు వెడల్పుగా ఉండి ముందుగా రాయిని తాకే చోట రెండు టైర్లు, ముక్కు దగ్గర ఒకటి. ఒక్కొక్కదాన్నీ మెట్టు అంచు దాని నడుమకు వచ్చేదాకా దింపించింది. ముడి మాత్రం ఒక్క గుంజుకు ఊడేట్టు ఉండాలంది. అదెందుకో జనం ఎక్కుతుంటే తెలిసింది. ఒక్కొక్క మనిషి ఎక్కినప్పుడల్లా పడవ కొంచెం కిందికి దిగుతుంది, దాంతోపాటు టైరూ దిగి మెట్టును తప్పుతుంది. "ఎక్కినకొద్దీ పైకి గుంజు," అంటూ ఆయన్ను తాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. నేను ఆయన పక్కనే కూర్చుని చూశాను. చివర చిన్నత్త సారె గంపతో అడుగు పెట్టగానే పడవ మెట్టు మీదికి ఒరిగింది. టైరు నొక్కుకుపోయి చిన్నగా నిట్టూర్చింది. పలక రాయిని తాకలేదు. నాయనమ్మ అప్పుడు గాని తలకు కొంగు సర్దుకోలేదు.

అప్పటి నుంచి ఏ రక్షణ ఏర్పాటు చూసినా, దెబ్బ ఎక్కణ్నుంచి వస్తుందా అని ముందు ఆ చోటు వెతుకుతాను. దీనివల్ల నాకు స్నేహితులు పెరగలేదు. హెల్మెట్టును మోచేతికి తగిలించుకుని బండి నడిపేవాణ్ని చూస్తే పెదనాన్న గుర్తొస్తాడు. వాడి మోచెయ్యి మాత్రం చాలా భద్రంగా ఉంటుంది.

ఆయన పాపం, అవతలి ఒడ్డు చేరేదాకా చెప్పుల దండ గురించే బెంగపడ్డాడు. మేళం దగ్గరపడుతున్నకొద్దీ కండువా పరిచి ఒక టైరును కప్పాడు. మిగతావాటికి తనే అడ్డంగా నిలబడ్డాడు. అంత శ్రమ అక్కర్లేకపోయింది. పెళ్లికొడుకు వాళ్లలో ఒక్కరూ టైర్ల వైపు చూడలేదు. వాళ్ల ముసలమ్మ ఒకామె, పెళ్లికొడుకు నాయనమ్మట, చేతిలో హారతి పళ్లెంతో మెట్టు దిగి వచ్చింది. పడవలోకి ఒకసారి చూసింది, గంపలన్నీ వెతికినట్టు మళ్లీ ఒకసారి చూసింది. ఆ తర్వాత అందరిలోకీ పెద్దమనిషిలా కనిపించిన మా పెదనాన్నను, ఆయన పంచె మీది పసుపుపచ్చ మరకనూ ఎగాదిగా చూసింది.

"ఏందయ్యా, గంత పెద్ద ఇల్లని చెప్పిన్రు. దిష్టి తీయనీకి ఒక్క గుమ్మడికాయ దొరకలేదా?"