గంధం పూసిన గ్రాఫిక్స్ కార్డు

అది 2007. హోసూరులో మాది రేడియో, టీవీ రిపేరు అంగడి. నేను చదివింది ఐదో తరగతి. పని మా ఇంటాయన పక్కన కూర్చోని నేర్చుకున్నాను, ఆయన పోయినాక ఒక్కదాన్నే చేసినాను. కంప్యూటర్లు వచ్చినాక వాటినీ విప్పినాను.

ఆయుధ పూజ అయిన వారంలో సూళగిరి నుంచి మునిరాజు వచ్చినాడు, కంప్యూటరు పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకోని. వెంట వాళ్ళమ్మ పాపమ్మ. ఫ్యాక్టరీల్లో వాడే అచ్చుల బొమ్మలు కంప్యూటర్లో గీయడం ఆయప్ప పని. మర్నాడు ఒక కంపెనీవాళ్ళు ఇంటికొచ్చి ఆ బొమ్మ తెరమీద తిరిగేది చూడాల. నచ్చితేనే పని ఇస్తారు. ఆయప్పకు తొలి పని అది.

"రెండు తిప్పులు తిప్పితే బొమ్మ చీలికలై ఆగిపోతుందవ్వా. కృష్ణగిరిలో చూపిస్తే, కార్డు చచ్చిపోయింది, కొత్తది కొనమన్నారు."

"కొనమనేదానికి నోరుంటే చాలు. కూర్చోప్పా."

గ్రాఫిక్స్ కార్డంటే తెరమీద బొమ్మలు గీసే పలక. దాని నడుమ గోరంత చిప్. పనంతా అదే చేస్తుంది, వేడంతా అదే కక్కుతుంది. ఆ వేడిని లాక్కోను పైన రెక్కలున్న అల్యూమినియం దిమ్మె, దాన్ని హీట్ సింక్ అంటారు. దానిమీద ఫ్యాన్.

నడిపించి చూసినాను. బొమ్మ చీలింది. హీట్ సింక్ రెక్కలమీద వేలు పెడితే చల్లగా ఉంది. కార్డు వెనకపక్క, చిప్‌కు సరిగ్గా అవతల పెడితే చుర్రుమనింది.

పాపమ్మ కూడా రెక్కలు తాకి చూసింది. "చల్లగుంది కదక్కా? నేను చేసిన చలవే అది!"

"నువ్వేం చేసినావమ్మా?"

మునిరాజు తల వంచుకున్నాడు. పాపమ్మే చెప్పింది. పూజకు కొడవలి, మోటారు అన్నీ తుడిచినట్టే దీన్నీ విప్పి తుడిచినారు. దిమ్మె కింద ఎండిపోయిన బూడిదరంగు పొర కనపడితే మురికనుకోని గీకేసినారు. "ఇంత కాగేదానికి చలవుండాలని నేనే గంధం అరగదీసి పూసినా. మొదటి రోజు ఎంత బాగా నడిచిందో!"

నడిచింటుంది. తడి ఉన్నంతసేపు గంధం వేడిని దాటిస్తుంది. ఎండినాక అదే అడ్డం, వేడి చిప్‌లోనే నిలిచి బొమ్మ చీలుతుంది.

"బిడ్డకు జ్వరమొచ్చి తల కాలతా కాళ్ళు చల్లబడితే బాగుందంటావా?" అన్నాను.

దిమ్మె ఎత్తినాను. గంధం పెచ్చులు పెచ్చులై ఉండింది. వేడికి దాని వాసన అంగడంతా నిండింది. నాకే చేతులు జోడించాలనిపించింది. స్పిరిట్ ముంచిన దూదితో రెండుపక్కలా తుడిచి, నడుమ థర్మల్ పేస్ట్ పెట్టినాను. వీళ్ళు మురికని గీకేసింది ఇట్లాంటిదే. యాంప్లిఫయర్లకు మేము ఎప్పట్నుంచో వాడే తెల్ల ముద్దే అది, ట్యూబు మూతికి గుండుసూది గుచ్చి ఎండకుండా దాచుకుంటాను.

"మినపబేడంతేనా? నేను నిండుగా పూసినానే!"

"గోడకు సున్నమా ఇది? ఎక్కువైనా అడ్డమే."

చిప్, దిమ్మె రెండూ అద్దంలా నునుపుగా కనపడతాయి. కానీ కంటికానని గుంటలుంటాయంట, వాటిలో గాలి కూర్చుంటుంది. ఆ గాలే వేడిని ఆపేది. ఈ ముద్ద ఆ గుంటల్లోకి పోయి గాలిని తరిమేస్తుంది. ఎన్నిసార్లు చేసినా దిమ్మె అదిమేటప్పుడు నాకు ఒళ్ళు జల్లుమంటుంది. ఇంత పెద్ద పని బతికేదీ చచ్చేదీ ఆ పలచటి పొరలోనే ఉంది.

మళ్ళా నడిపించినాము. బొమ్మ తిరగతా ఉంది. కాసేపటికి పాపమ్మ రెక్కలు తాకి చెయ్యి లాక్కుంది.

"అయ్యో, కాగిపోతా ఉందక్కా! చెడిపోయింది!"

"కాగనీ. లోపల మగ్గిన వేడి ఇప్పుడు బయటికొస్తా ఉంది."

మునిరాజు మావైపు చూడనేలేదు. బొమ్మ తిరగతానే ఉంది. మేమిద్దరం కూడా దాన్నే చూస్తా నిలబడినాము.

మర్నాడు మధ్యాన్నం ఫోను. "పని మనకే అవ్వా!"

"సంతోషం. వచ్చే పూజకు మీ అమ్మ గంధం యాడ పెడుతుందంట?"

"పెట్టె మూతమీదే అవ్వా, బయట!"

అప్పట్నుంచి ఏ మిషన్ వచ్చినా ముందు రెక్కలమీదే వేలు పెడతాను. వెచ్చగా తగిలితే నిమ్మళం. చల్లగా తగిలితే మాత్రం వేడి యాడ ఇరుక్కుందో అని స్క్రూలు విప్పుతాను.