మార్చని సూది

సూది మార్చలేదని నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. గమనించలేదనే అందరికీ చెప్పాను, డాక్టరుకు కూడా. నిజానికి కళ్ళారా చూశాను.

మేముండే కన్నడ ఊళ్ళో, మా పేట దగ్గర, కార్తీకంలో శనక్కాయల పరిషె, అంటే జాతర, జరుగుతుంది. రోడ్డుకు రెండు వైపులా కాయల గుట్టలు, మధ్యలో తోసుకునే జనం. ఈసారి ఆ జనంలో ఒకామె స్టూలు వేసుకుని చిన్న మెషిన్‌తో పచ్చబొట్లు పొడుస్తోంది. మా అవ్వ ముంజేతి మీద మూడు చుక్కలు, వాటి చుట్టూ ఒక తీగ ఉండేవి. అవ్వ పోయాక ఆ బొమ్మను గుర్తున్నంత వరకు డైరీలో గీసిపెట్టుకున్నాను. ఆ సాయంత్రం డైరీ నా సంచిలోనే ఉంది. ఎక్కువ ఆలోచించకుండా కూర్చున్నాను.

నాకు ముందు ఇద్దరు అక్కచెల్లెళ్ళు పొడిపించుకున్నారు. ఆమె ఆ సూదినే మగ్గులో నీళ్ళల్లో ఆడించి, తడిగుడ్డతో తుడిచి, నా చేయి పట్టుకుంది. సీసామూతలో సిరా కూడా వాళ్ళకు వాడగా మిగిలిందే. కొత్త సూది పెట్టండి అని అడగాలనుకున్నాను. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె నొచ్చుకుంటుందేమో, వాళ్ళు నవ్వుతారేమో అనిపించింది. ఏమీ అనకుండా ఎడమ భుజం కింద, కుర్తా చేతిలో దాగే చోట, పొడిపించుకుని వచ్చేశాను.

వారం తిరిగేసరికి చుక్కల చుట్టూ ఎర్రగా ఉబ్బింది. పసుపులో కొబ్బరినూనె కలిపి పట్టించాను. అవ్వ ఏ పుండుకైనా అదే రాసేది. చీము పట్టింది. మెడికల్ షాపులో అడిగి ఏదో పూతమందు తెచ్చుకున్నాను. పుండు మానింది కానీ తీగ ఉన్నంత మేరా చర్మం గట్టిపడి దురద పెట్టేది.

మరుసటి నెలలో పెద్దమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను పెంచింది ఈ పెద్దమ్మే. ఇంటివాళ్ళు ఇద్దరు రక్తం ఇవ్వాలన్నారు. ఆమె కూతురైన మా అక్కా, నేనూ వెళ్ళాం. రక్తం తీసే ముందు నింపమని ఒక ఫారం ఇచ్చారు. ఈ ఏడాదిలో పచ్చబొట్టు వేయించుకున్నారా అని అందులో ఒక ప్రశ్న. అక్క నా భుజం మీదుగా చూస్తోంది.

"ఇంకా ఎంతసేపే? ఎస్సెల్సీ పరీక్ష రాస్తాండావా?"

లేదు అన్నచోట గీత పెట్టాను. కుడిచేతిలోంచి రక్తం తీసుకున్నారు. బిస్కెట్లు, మామిడి జ్యూస్ ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఫోన్‌లో వెతికాను. ఒకరికి వాడిన సూదితో కామెర్లు తెచ్చే వైరస్‌లు, హెచ్ఐవీ ఇంకొకరికి అంటుకోవచ్చట. అంటిన కొత్తలో పరీక్ష చేసినా బయటపడకపోవచ్చట. ఎల్లుండే ఆపరేషన్. డైరీ తెరిస్తే ఒక్క ముక్క రాయలేకపోయాను. కిటికీ దగ్గరికి పోయాను, మంచం మీద కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చివరికి చెప్పులు వేసుకుని ఆసుపత్రికి ఆటో ఎక్కాను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ చెప్పాల్సిన మాట కన్నడలో ఒకసారి, తెలుగులో ఒకసారి లోలోపల అనుకున్నాను. అక్కడికి వెళ్ళేసరికి రెండూ మరిచిపోయాను. కుర్తా చేయి పైకెత్తి చూపించాను.

రక్తం తీసిన సిస్టర్ నన్ను పక్కగదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఎప్పుడు వేయించుకున్నావమ్మా?"

"నెల దాటింది."

"కొత్త సూదేనా?"

"చూళ్ళేదు."

ఆమె తిట్టలేదు. "ఇక్కడ ఇచ్చిన రక్తం మీ పెద్దమ్మకే పోవాలని లేదు, ఎవరికైనా పోవచ్చు" అంది. "నీది పక్కన తీసేస్తాం. పేరు బయటికి రాదు. మీ ఇంటినుంచి ఇంకొకరిని పంపించు. నువ్వు డాక్టరుకు చూపించుకుని ఇప్పుడొకసారి, సూది పడిన రోజునుంచి మూడు నెలలు నిండాక ఒకసారి పరీక్ష చేయించుకో."

మెట్ల మీద నిలబడి అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వా? బస్సులో టికెట్ అడగల్లంటేనే గుటకలు మింగుతావు, పరిషెలో కూచోని పొడిపించుకున్నావా?" అని నవ్వింది. అంతలోనే గొంతు మారింది. "అది పోయి మా అమ్మకు ఎక్కింటే ఏమే? ఫారంలో ఏంటికి రాయలేదు?"

మర్నాడు పొద్దున్నే బావ వెళ్ళి రక్తం ఇచ్చాడు. ఆపరేషన్ బాగానే జరిగింది.

నా మొదటి పరీక్షలో ఏ జబ్బూ బయటపడలేదు. అది చాలదని డాక్టరు ముందే చెప్పాడు. నా తువ్వాలు, నెయిల్ కట్టరు వేరుగా పెట్టుకున్నాను. పొద్దున లేవగానే అద్దంలో కళ్ళు పచ్చబడ్డాయేమో చూసుకునేదాన్ని. ఆకలి లేకపోతే భయం, అలసిపోతే భయం. ఆఫీసులో ఎవరో తలనొప్పి అంటే నా నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని. చర్మం గట్టిపడడం సిరా పడకపోవడం వల్లేననీ, పూర్తిగా పోకపోవచ్చనీ చర్మం డాక్టరు చెప్పింది. ఆ దురద ఒక్కటే ఫరవాలేదనిపించేది, కంటికి కనిపిస్తుంది కాబట్టి.

రెండో రిపోర్టు మొన్న వచ్చింది. ఏ జబ్బూ లేదు. కాగితం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె నేలమీద పేపరు పరచుకుని అనపకాయలు ఒలుస్తోంది. అక్క అంతా చెప్పేసినట్టుంది, రిపోర్టు వైపు చూడనైనా చూడలేదు. నా కుర్తా చేయి పైకి జరిపి, చుక్కల మీద వేలు పెట్టింది.

"మా అమ్మ చుక్కలే. తీగే కొంచెం వంకర పోయిండాది."

ఆమె అడగకుండానే, సూది మార్చిందో లేదో చూడలేదు పెద్దమ్మా అన్నాను.

పెద్దమ్మ ఇంకో కాయ తీసుకుని ఒలిచింది. గింజలు గిన్నెలో వేసింది.

"నువ్వు చూడకుండా ఉంటావా పాపా? మార్చమని అడిగింటే ఆయమ్మ నిన్నేమన్నా కొరికేదా?"